మంచుదేశంలో నలభై ఎకరాలు



ఉన్న ఊళ్ళో నేల చాలక, ఉన్నది అమ్ముకుని దూరప్రాంతం పోయి సేద్యం చేసుకుందామన్న ఆలోచన మన పల్లెలకు కొత్తది కాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు మూటాముల్లె సర్దుకుని నిజాంసాగర్ కాలువల కిందికి, వర్ని, కోటగిరి, బోధన్ తట్టు పోయినారు. ఆ తర్వాత తుంగభద్ర కాలువల కింద గంగావతి, సింధనూరు దాకా పోయినారు. దిగినచోట క్యాంపులు వేసుకున్నారు. ఆ క్యాంపులే తర్వాత ఊళ్ళయినవి. ఇప్పుడు వింటున్న మీలోనే కొందరి తాతలు అలా పోయినవారు ఉండవచ్చు.

నేనీ పూట చెప్పబోయేది అంతకంటె చాలా దూరం పోయినవాళ్ళ సంగతి. ఉత్తర అమెరికా ఖండానికి వాయవ్య మూలన, ధ్రువం వైపుకు అలాస్కా అనే విశాలమైన దేశభాగం ఉన్నది. 1867లో రష్యా దగ్గర అమెరికావాళ్ళు దాన్ని కొన్నారు. 1959లో అది వాళ్ళకొక రాష్ట్రం అయింది. అక్కడికి పోయి అడవి కొట్టి, దుక్కి దున్ని, వేటాడి, చేపలు పట్టి, నేలనే నమ్ముకుని బ్రతుకుదామని నూరేళ్ళకు పైగా జనం పోతూనే ఉన్నారు. వచ్చేస్తూనూ ఉన్నారు.

ఆ మంచుగడ్డ కథ మాకెందుకయ్యా అంటారేమో. మన దగ్గర ఎండ ఉంది, పక్కన ఊరుంది, బజారుంది. ఇవి ఎప్పుడూ ఉండేవే గనుక వీటిని మనం ఖర్చులోనూ, రాబడిలోనూ వ్రాయం. అవి లేనిచోటికి పోయిన రైతుకు ఒక్కొక్కదాని ఖరీదు ఎంతో తెలిసివస్తుంది. కొత్త నేల కొనబోయేవాడికి ఆ లెక్క పనికివస్తుందని నా ఉద్దేశం.

1935వ సంవత్సరం. అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యం. ధరలు పడిపోయి, రైతులు అప్పుల్లో మునిగి, ఎందరో ప్రభుత్వం ఇచ్చే సహాయం మీద బ్రతుకుతున్న రోజులు. అప్పటి ప్రభుత్వం మిన్నెసోటా, విస్కాన్సిన్, మిచిగన్ అనే మూడు ఉత్తరపు రాష్ట్రాల నుండి సుమారు 200 కుటుంబాలను ఎంపిక చేసి, అలాస్కాలోని మటనూస్కా లోయకు పంపింది. చలి అలవాటున్నవాళ్ళయితే నిలుస్తారని ఆ రాష్ట్రాల వారిని ఎంచుకున్నారు. రైలెక్కి, ఓడెక్కి, మళ్ళీ రైలెక్కి, మే నెలలో పామర్ అనేచోట దిగారు. ఇళ్ళు లేవు. గుడారాల్లో కాపురం. వాన, బురద, దోమలు. ఒకచోట కిక్కిరిసి ఉండేసరికి పిల్లలకు తట్టు వంటి అంటువ్యాధులు తగులుకున్నాయి. కొందరు తల్లిదండ్రులకు ఆ మొదటి వేసవిలోనే కడుపుకోత మిగిలింది.

మే 23న చీట్లు తీసి భూములు పంచారు. ఎక్కువ మందికి తలా 40 ఎకరాలు. చీటీ చేతికొచ్చాక బంధువుల పక్కన ఉండాలనో, మంచి నేల కావాలనో కొందరు మార్చుకున్నారు. మనవాళ్ళయినా అదే చేసేవారు. ఇల్లు, గొడ్లపాక, బావి, పనిముట్లు అన్నీ కలిపి మూడువేల డాలర్ల బాకీ ఒక్కొక్క కుటుంబం పేర వ్రాశారు. ఆనాటి మారకం ప్రకారం అది మన ఎనిమిదివేల రూపాయల చిల్లర. వడ్డీ నూటికి 3, గడువు 30 ఏళ్ళు. వడ్డీ తక్కువే. కాని ఒక్క విషయం గమనించండి. ఆ 40 ఎకరాలూ అడవి. భోజపత్రం జాతి చెట్లు, దేవదారు జాతి చెట్లు నిండిన అడవి. బాకీ మొదటిరోజునే పుట్టింది. పంట పుట్టాలంటే చెట్టు పడాలి, మొద్దు పెరకాలి, వేరు ఏరాలి, నాచు తీయాలి. యంత్రాలు నలుగురికీ ఒకటి చొప్పున కూడా లేవు. కనుక మొదటి రెండు మూడేళ్ళు సాగులోకి వచ్చినది కొద్ది ఎకరాలు మాత్రమే. పుస్తకంలో 40 ఎకరాల ఆసామీ, పొలంలో నాలుగైదు ఎకరాల రైతు.

ఇక నేల సంగతి. మటనూస్కా లోయ మట్టి చూడడానికి ఎంతో మెత్తన. కొండలమీద గడ్డకట్టిన మంచు నదిలాగా మెల్లగా జారుతూ కిందనున్న రాళ్ళను పిండిలాగా నూరుతుంది. ఆ పిండిని ఏటి పాయలు మోసుకొచ్చి పోస్తే, గాలి దాన్ని లేపి లోయంతా పరచింది. ఇసుకా కాదు, బంకమన్నూ కాదు, ముఖానికి పూసుకునే పొడివంటి మట్టి. నాగలికి హాయి. కాని చల్లని నేలలో ఆకూ అలమూ కుళ్ళదు. మనం పచ్చిరొట్ట తొక్కితే కొన్ని వారాల్లో మట్టిలో మట్టి అయిపోతుంది. అక్కడ సూక్ష్మజీవులకు పని చేసే రోజులే తక్కువ. అందుచేత కొత్తగా కొట్టిన పోడు భూమి బలంగా ఉంటుందన్న మన అనుభవం అక్కడ చెల్లలేదు. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ బస్తాలతో కొని వేయవలసి వచ్చింది. ఆ బస్తా వేల మైళ్ళు ఓడమీద రావాలి.

గాలి మరొక బాధ. ఏ గాలి ఆ మట్టిని తెచ్చి పోసిందో, ఆ గాలే చెట్లు కొట్టేసిన పొలం మీది మట్టిని లేపుకుపోతుంది. పొలమంతా ఒక్కసారిగా నున్నగా చేయకండి, గాలికి అడ్డంగా చెట్లవరుసలు వదలండి అని అక్కడి విస్తరణాధికారులు చెప్పుతూ వచ్చారు. వాన కూడా పెద్దగా లేదు. పామర్‌లో ఏడాదికి కురిసేది పదిహేను పదహారు అంగుళాలు. మన అనంతపురం కంటె తక్కువ. చలిదేశం కదా, తడిగా ఉంటుంది అనుకుంటాం. మంచు వేరు, వాన వేరు. పైగా మొక్కకు నీరు కావలసిన జూన్ నెలలో పొడి, కోతకు వచ్చే ఆగస్టు సెప్టెంబరుల్లో ముసురు.

మనకు రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ. అక్కడ సరిగ్గా ఆ రోజులకు కాస్త ముందు, కృత్తిక చివర, బంగాళాదుంప నాటతారు. మఖ, పుబ్బ కార్తెలనాటికి మళ్ళీ మంచు కొట్టవచ్చు. మధ్య ఉన్నది రమారమి నూరు రోజులు. అయితే ఆ నూరు రోజుల పగళ్ళు సామాన్యమైనవి కావు. జూన్ నడుమ రోజుకు 19 గంటల వెలుతురు ఉంటుంది. మనకు ఎంత పొడవైన పగలైనా 13 గంటలు. అందువల్ల చల్లదనాన్ని ఓర్చుకునే మొక్కలు రాత్రి పడుకోకుండా పెరిగినట్టు పెరుగుతాయి. క్యాబేజీ, బంగాళాదుంప, క్యారట్, బఠాణీ, వోట్లు, బార్లీ బాగా వస్తాయి. పామర్‌లో ఏటా జరిగే రాష్ట్ర ప్రదర్శనలో 2012లో తూచిన క్యాబేజీ 138 పౌండ్లు, అంటే దాదాపు 63 కిలోలు. ఇద్దరు మోయాలి. పాలకూర జాతి ఆకుకూర మాత్రం ఆ పొడుగు పగలు చూసి తొందరపడి పూతకు పోతుంది, ఆకు నిలవదు. టమాటా, మొక్కజొన్న గాజుఇంట్లో పెంచితే తప్ప నమ్మకం లేదు. ఏ రకం తట్టుకుంటుందో తేల్చడానికి 1898 నుండీ అక్కడ ప్రయోగక్షేత్రాలు పెట్టారు. సి. సి. జార్జిసన్ అనే శాస్త్రజ్ఞుడు వాటికి పెద్ద. మటనూస్కాలో 1917లోనే క్షేత్రం ఉన్నది. రైతులు వచ్చేనాటికి పద్దెనిమిదేళ్ళ అనుభవం కాగితాలమీద సిద్ధంగా ఉన్నది. ఇది ఆ వలసకు జరిగిన మేలు.

గొడ్ల విషయం కొంచెం విడమరచి చెబుతాను. ఇది పాడి ఉన్న ప్రతివారూ వినదగినది.

అక్కడ ఆవు సంవత్సరంలో ఏడెనిమిది నెలలు కొట్టంలోనే ఉండాలి. బయట మేత లేదు, నీళ్ళు గడ్డకడతాయి. అంటే వేసవి మూడు నాలుగు నెలల్లో మిగతా కాలమంతటికీ మేత దాచాలి. ఎండుగడ్డి వేద్దామా అంటే గడ్డి కోసే అదనుకు ముసురు పట్టుకుంటుంది, ఆరదు, బూజు పడుతుంది. అందుచేత అక్కడి రైతులు వోట్లు, బఠాణీ కలిపి చల్లి, పచ్చిగా ఉండగానే కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి పాతర వేశారు. మనం పాతరగడ్డి అంటామే, అదే. ధాన్యపు జాతి ఒకటి, పప్పు జాతి ఒకటి కలిపినందువల్ల మేతలో పిండిపదార్థమూ మాంసకృత్తులూ రెండూ కుదిరినవి. వానాకాలంలో పచ్చిమేత కుప్పలుగా ఉండి వేసవిలో గడ్డిపరక లేక గొడ్లను అమ్ముకునే మన మెట్టప్రాంతాలవారు జొన్న, అలసంద కలిపి ఈ పని చేయవచ్చు. మంచు కావాలా పాతర వేయడానికి?

మనుషుల తిండికీ పాతరే. దుంపలు, క్యారట్లు, క్యాబేజీ నేలలో త్రవ్విన కొట్లో పెడతారు. పైన ఎంత చలి ఉన్నా ఆ లోపల గడ్డకట్టకుండా, మొలకెత్తకుండా నిలుస్తాయి. మాంసం, ఎండుచేప మాత్రం పైన. మనం జొన్నచేలో వేసే మంచె ఉన్నది చూశారా, అటువంటి నాలుగు గుంజల మీద చిన్న కొట్టు కట్టి అందులో పెడతారు. ఎలుగుబంట్లు అందుకోకూడదని. గుంజలకు రేకు చుడతారు, పాకి ఎక్కకుండా.

నేలమీద బ్రతకడమంటే అక్కడ సగం సేద్యం, సగం అడవి. మూస్ అనే పెద్ద దుప్పిని ఒక్కదాన్ని కొడితే నాలుగైదు వందల పౌండ్ల మాంసం వస్తుంది. వేసవిలో సాల్మన్ చేప సముద్రం నుండి ఏరుల్లోకి ఎదురెక్కి వస్తుంది. దాన్ని పట్టి, చీల్చి, పొగబెట్టి దాచుకుంటారు. ఆగస్టులో అడవిపండ్లు ఏరుకుంటారు. ఇదంతా వినడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. కాని ఎవరంటే వారు పోయి కొట్టుకునే వీలు లేదు. అక్కడ 12 నెలలు నివాసం ఉన్నవారికే స్థానికుల లెక్కన వేటకు, చేపకు అనుమతి. కొత్తగా పోయినవాడు మొదటి ఏడాది కొనుక్కు తినాలి. చేపను, మాంసాన్ని సీసాల్లో నిలవచేసే ఇల్లాళ్ళకు విస్తరణశాఖవారు మరీమరీ చెప్పే మాట ఒకటుంది. మామూలుగా మరగబెడితే చాలదు, ఆవిరి వత్తిడిలో 240 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడి చేయాలి, లేకుంటే లోపల విషం పుట్టి ప్రాణం తీస్తుంది. రుచిలో, వాసనలో తేడా తెలియకపోవచ్చు.

ఇంత దాచినా గోధుమపిండి, ఉప్పు, పంచదార, టీ, కిరసనాయిలు, బూట్లు, మందులు కొనాలి. ఇల్లు వెచ్చగా ఉండడానికి కట్టెలు కావాలి. అవీ పచ్చివి పనికిరావు. ఈ చలికాలపు కట్టె పోయినేడు కొట్టి ఆరబెట్టినదై ఉండాలి. లోతట్టున ఫెయిర్‌బ్యాంక్స్ వైపు చలి సున్నాకు దిగువ 40 డిగ్రీలకు పోవడం కద్దు. డిసెంబరులో మటనూస్కాలో కూడా పగలు అయిదున్నర గంటలే. ఆ చీకట్లో, దగ్గర పొరుగు లేని ఇంట్లో, పసిపిల్లలతో రోజులు గడపవలసినది ఎవరు? ఇంటి ఇల్లాలు. భూమి చూడడానికి పోయేటప్పుడు మగవాళ్ళే పోయి, నచ్చిందని చెప్పి వస్తారు. ఇల్లాలిని కూడా తీసుకుపోయి చలికాలంలో చూపించిన తర్వాత బయానా ఇస్తే బాగుంటుంది. ఇది అలాస్కాకే కాదు.

మరి ఆ 200 కుటుంబాలు ఏమైనట్టు?

అయిదేళ్ళు తిరిగేసరికి, 1940 నాటికి, సగానికి పైగా వెళ్ళిపోయినారు. ఖాళీ అయిన భూముల్లోకి కొత్తవారు వచ్చారు. వెళ్ళినవాళ్ళు సోమరులని కొందరు, ఎంపికే సరిగ్గా జరగలేదని కొందరు ఆనాడు వాదించారు. నాకు మాత్రం కారణం ఇంకోచోట కనబడుతుంది. పంట వచ్చింది. కొనేవాడు లేడు. 1923లో పూర్తయిన రైలుమార్గం ఉన్నది, సహకార సంఘం పెట్టుకున్నారు, వెన్నతీసే కేంద్రం పెట్టుకున్నారు. కాని నలభై మైళ్ళ చిల్లర దూరంలోని ఆంకరేజ్ అప్పటికి చిన్న ఊరు. దుంపలెన్ని తింటుంది? 1940లో ఆంకరేజ్ దగ్గర పెద్ద సైనికస్థావరం కట్టడం మొదలుపెట్టారు. వేలాది కూలీలు, సిపాయీలు దిగారు. పాలు, దుంపలు, కూరలు ఎన్నున్నా చాలలేదు. అప్పటిదాకా ఉన్న రైతులకు ఊపిరి వచ్చింది. తమాషా ఏమంటే, ఆ స్థావరమే రైతులను పొలం నుండి లాగింది కూడా. పొలంలో ఏడాది చాకిరీకి రానిది అక్కడ వడ్రంగం చేస్తే కొద్దినెలల్లో వచ్చేది. చాలామంది పగలు కూలికి పోయి, మిగిలిన పొద్దు సేద్యం చేసి భూమిని నిలబెట్టుకున్నారు. 1965 నాటికి మొదటి కుటుంబాల్లో ఇంకా సేద్యం చేస్తున్నవి ఇరవై. వారి పాలసంఘం పేరుతో నడిచిన మటనూస్కా మెయిడ్ డెయిరీ, చివరికి రాష్ట్రప్రభుత్వం చేతిలోకి పోయి, 2007లో మూతబడ్డది.

మన నిజాంసాగర్ వలసతో పోల్చి చూడండి. అక్కడ కాలువ ముందు వచ్చింది, రైతు తర్వాత వచ్చాడు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది, చెరకు కొనేవాడు పొలం పక్కనే ఉన్నాడు. మనవాళ్ళ కష్టం తక్కువదని నేననను. పాములు, జ్వరాలు, అడవిపందులు అన్నీ పడ్డారు. కాని పండించినదానికి దారి ఉన్నది.

ఇదే తప్పు అలాస్కాలో మరొకసారి జరిగింది. 1978లో డెల్టా జంక్షన్ అనేచోట రాష్ట్రప్రభుత్వం రమారమి 60 వేల ఎకరాలు లాటరీ పద్ధతిన అమ్మింది. బార్లీ పండించి ఓడలకెత్తి తూర్పుదేశాలకు పంపాలని పథకం. రైతులు అప్పులు తెచ్చి, అడవి కొట్టి, బార్లీ చల్లారు. తొందరగా కురిసిన మంచు కొంత తిన్నది. 1928లో మొంటానా నుండి తెచ్చి వదిలిన అడవిదున్నల మంద పెరిగి, కోతకొచ్చిన చేలమీద పడి కొంత తిన్నది. ఎగుమతి ఏర్పాటు సాగనే లేదు. ధర పడిపోయింది, చాలామంది బాకీ కట్టలేకపోయారు. నిలిచినవాళ్ళు బార్లీని ఆ రాష్ట్రంలోని పశువులకే అమ్ముకుని నిలిచారు.

ఊరికే భూమి ఇస్తారట గదా అని అడిగేవారున్నారు. ఒకప్పుడు ఇచ్చిన మాట నిజమే. హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇల్లు కట్టి, కాపురముండి, ఎనిమిదోవంతు సాగులోకి తెస్తే 160 ఎకరాల దాకా పట్టా ఇచ్చేవారు. అలా తెచ్చుకున్న ఫెయిర్‌బ్యాంక్స్ వైపు కొన్ని పొలాల్లో వింత జరిగింది. నేల లోపల పెద్ద పెద్ద మంచుదిమ్మలు ఎన్నడూ కరగకుండా ఉంటాయి. పైనున్న చెట్లు, నాచు దుప్పటిలాగా వాటిని కాపాడుతుంటాయి. ఆ దుప్పటి తీసి దున్నితే ఎండ లోపలికి దిగి, దిమ్మలు కరిగి, కొన్నేళ్ళకు పొలం గుంటలు గుంటలుగా కుంగింది. ట్రాక్టరు నడవదు. గొయ్యి త్రవ్వి చూడకుండా నేల తీసుకున్నవారికి అది దొరికింది. ఆ చట్టాన్ని 1976లో రద్దు చేసి, అలాస్కాకు మాత్రం పదేళ్ళు గడువిచ్చారు. 1986తో అదీ తీరింది. చివరి పట్టా 1988లో స్టోనీ నది ఒడ్డున 80 ఎకరాలకు ఇచ్చారు. ఇప్పుడు కొనుక్కోవలసిందే.

ఇంకొక సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఆ లోయ ఎవరూ లేని బయలు కాదు. దెనాయినా, ఆట్నా అనే జాతులవారు తరతరాలుగా అక్కడ సాల్మన్ ఎండబెట్టుకుని, వేటాడి, ఋతువును బట్టి తావు మారుతూ బ్రతికారు. పొగబెట్టే పాకలు, మంచె మీద కొట్టు, చేప ఎప్పుడు ఏ ఏట్లో ఎక్కుతుందన్న ఎరుక, ఇవన్నీ కొత్తవారు రావడానికి ఎంతోముందే అక్కడివారికి ఉన్నవి. అలాస్కా ఆదివాసుల హక్కులు తేల్చుతూ 1971లో చట్టం చేసి 4 కోట్ల 40 లక్షల ఎకరాలు వారి సంస్థలకు ఇచ్చారు. మన అదిలాబాదు, మన్యం ప్రాంతాలు తెలిసినవారికి ఈ విషయం వేరే వివరించనక్కరలేదు.

విస్తరణాధికారులకు ఒక మనవి. మీ ఊరికి ఎవరైనా వచ్చి ఫలానా చోట భూమి చవక అని రైతులకు ఆశ పెడితే, భూమి మంచిదా కాదా అన్నది రెండో ప్రశ్నగా పెట్టండి. పండినది ఎక్కడ అమ్మాలి, అక్కడికి బండి ఏడాది పొడుగునా పోతుందా, మొదటి రాబడి వచ్చేలోపల ఎన్ని నెలల గ్రాసం చేతిలో ఉండాలి, జబ్బు చేస్తే వైద్యుడు ఎంత దూరం, ఇవి ముందు అడిగించండి. మట్టిని పరీక్షకు పంపడం మనకు తెలిసిన పనే. సంతను పరీక్షించడం ఇంకా అలవాటు కాలేదు.

మటనూస్కా లోయలో ఇప్పుడు ఎక్కువ పొలాలు ఇళ్ళస్థలాలయినవి. ఉన్న రైతులు క్యారట్లు, దుంపలు, క్యాబేజీలు ఆంకరేజ్ బజారుకు తోలుతున్నారు. ఈ ఇరవై పాతికేళ్ళలో కొందరు అలాస్కా రైతులు పియోనీ అనే పూల సాగు పట్టుకున్నారు. పెళ్ళిళ్ళలో వాడే పెద్ద రేకల పువ్వు. మిగతా దేశాల్లో అది వసంతంలో పూసి అయిపోతుంది. అలాస్కాలో ఆలస్యంగా, జులై ఆగస్టుల్లో పూస్తుంది. అప్పటికి మరెక్కడా ఆ పువ్వు లేదు. దుంపవేరు నాటిన మూడు నాలుగేళ్ళ దాకా కోయకూడదు. తర్వాత మొగ్గగా ఉన్నప్పుడే కోసి, చల్లని గదిలో ఉంచి, విమానం మీద పంపుతారు. ఇన్నాళ్ళూ శత్రువుగా ఉన్న ఆలస్యపు వేసవి ఈ ఒక్క పంటకు ధర తెచ్చిపెట్టింది. అయినా మంచె మీద కొట్లో చేప పెట్టుకోవడం వాళ్ళింకా మానలేదట.